పరుల దండులో మన కూలి



ఈ మారు మీ ముందుంచుచున్నది పుస్తకములో పుట్టిన ప్రశ్న కాదు, మా గుమ్మమునొద్దకు వచ్చి నిలిచిన ప్రశ్న. కొన్ని వారముల క్రిందట మా సంఘపు యువకులిద్దరు చేత కాగితములు పట్టుకొని వచ్చి, "సారూ, ఖతార్‌ల అమెరికావోళ్ల మిల్ట్రీ క్యాంపుల పనులున్నయట. ఒకలకు వంటింట్ల, ఒకలకు బట్టలుతికే తాన. పోవచ్చునా?" అని అడిగిరి.

పోవచ్చునా అను ఆ ఒక్క మాటలో రెండు ప్రశ్నలు కలవు. ప్రాణమునకు భయము లేదా అనునది మొదటిది. రెండవ దానిని వారిలో చిన్నవాడు తల వంచుకొని మెల్లగా అడిగెను: మనది కాని యుద్ధములో సైన్యమునకు వండి పెట్టి, బట్టలుతికి తెచ్చిన పైసలు మంచివేనా అని.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఏలయనగా పదునైదేండ్ల క్రిందట ఇటువంటి కాగితమే మా చేతికి వచ్చినప్పుడు మేము తొందరపడితిమి. ఆ సంగతి చెప్పకుండ ఈ ప్రశ్నను విచారించుట న్యాయము కాదు.

అది 2010. మా వీధిలోని నేతగాని కుమారుడొకనికి విదేశములో పని కుదిరినదని ఏజెంటు మూడు పుటల ఇంగ్లీషు కాగితము ఇచ్చెను. తండ్రి ఇతరుల సాంచాలమీద పని చేయువాడు. తల్లి బీడీలు చుట్టునది. పెండ్లి కావలసిన ఆడపిల్లలిద్దరు ఇంటనుండిరి. మేము టీచర్ ట్రైనింగు చదివి బడిలో పాఠము చెప్పినవారము గనుక మా వీధిలో కోర్టు నోటీసైనను, ఆసుపత్రి చీటియైనను చదివి చెప్పుటకు మాయొద్దకే తెచ్చెదరు. ఆ కాగితమును కూడ తెచ్చిరి. దుబాయి కంపెనీ, లాండ్రీ పని, నెలకు 700 డాలర్లు అని చదివి చెప్పితిమి. రెండవ పుట అడుగున మరియొక వాక్యముండెను. కంపెనీకి పని ఉన్న ఏ దేశమునకైనను పనివానిని పంపవచ్చునని దాని అర్థము.

ఆ వాక్యమును మేము చూచితిమి. దాని అర్థము మాకు తెలిసినది. అయితే ఎదుట ఆ తల్లి సంతోషముతో కూర్చుండి యుండెను. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ చొప్పున లక్షన్నర రూపాయలకు నోటు వ్రాసి ఆ తండ్రి అప్పటికే ఏజెంటు చేతిలో పెట్టియుండెను. మేము ఆ వాక్యమును తెలుగులో చెప్పలేదు. "అంతా బాగానే ఉన్నది" అని కాగితము మడిచి ఇచ్చితిమి. ఇచ్చట మేము అనగా సంఘము కాదు, పెద్దల కూటము కాదు, ఈ వ్రాయువాడే.

ఆ పిల్లవానిని దుబాయిలో ఒక గదిలో పదునైదు దినములుంచి, పిమ్మట విమానమెక్కించిరి. దిగినది ఆఫ్ఘనిస్తానములోని బగ్రాం. అది కాబూలునకు ఉత్తరముగా, మంచు కొండలు కనబడు మైదానములో, 1950ల దశాబ్దములో సోవియట్ సహాయముతో కట్టబడిన విమానస్థలము. 2001 తరువాత ఆ దేశములో అమెరికా సైన్యమునకు అదే పెద్ద స్థావరమాయెను. వానికి ముట్టినది 700 కాదు, 450 డాలర్లు. మొదటి పది నెలల కూలి ఇంచుమించు అప్పునకే పోయెను.

అచ్చటి దినచర్యను అతడు తిరిగి వచ్చిన తరువాత మాకు ఎన్నియో సాయంకాలములు చెప్పెను. తెల్లవారుజామున నాలుగింటికి లేచుట. ఇనుప డబ్బా వంటి గదిలో ఎనిమిది మంది. మెడలో గుర్తింపు కార్డు లేనిదే అడుగు పెట్టరాదు. ఎక్కడ చూచినను నిలువెత్తు సిమెంటు గోడలు, ఇసుక నింపిన పెట్టెలు, దుమ్ము. పండ్రెండు గంటల పని, వారములో ఏడు దినములు, ఆదివారమైనను సెలవు లేదు. సైనికులు మాసిన బట్టలను సంచిలో వేసి, చొక్కాలెన్ని, లాగులెన్ని, తువ్వాళ్ళెన్ని అని చీటి వ్రాసి ఇచ్చెదరు. లెక్క సరిచూచి, నంబరు కట్టి, ఉతికి, ఆరబెట్టి, మడిచి మూడు దినములలో తిరిగి ఇయ్యవలెను. నేతగాని కొడుకు గనుక తువ్వాలు చేత పట్టగానే నూలు ఎటువంటిదో, ఎన్ని ఉతుకులకు నిలుచునో చెప్పగలడు. ఆ నేర్పును అచ్చట అడిగినవారు లేరు.

రాకెట్టు పడునప్పుడు హెచ్చరిక మ్రోగును. నేలమీద పండుకొని, పిమ్మట సిమెంటు గూటిలోనికి పరుగెత్తవలెను. భయము లేదని చెప్పగానే వచ్చి ఆగిన మిషను మరల త్రిప్పవలెను. సైనికుల భోజనశాలలో ఐస్‌క్రీము, పండుగనాడు సీమకోడి మాంసము ఉండునని వినుటయే గాని తాను లోపలికి పోలేదనెను. పనివారికి వేరుగా అన్నము, పప్పు. అచ్చటి లెక్కలో అతడు అమెరికావాడు కాడు, ఆఫ్ఘనువాడు కాడు, గనుక 'మూడవ దేశస్థుడు'. ఒకే చోట పని చేయువారికి దేశమును బట్టి కూలి మారును. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉండెను. ఇరాక్‌లోని అమెరికా సేనాధిపతి పనివారి పాస్‌పోర్టులను వారికి తిరిగి ఇయ్యవలెనని 2006లోనే ఉత్తర్వు చేసియుండెను. అయినను ఆ మంచి మాట మా పిల్లవాడున్న బీరువా వరకు రాలేదు.

అతడు ఒంటరివాడు కాడు. అమెరికా కాంగ్రెసు నియమించిన యుద్ధ కాంట్రాక్టుల విచారణ సంఘము 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారము, 2010లో ఇరాక్, ఆఫ్ఘనిస్తానములలో కాంట్రాక్టు పనివారు 2 లక్షల 60 వేలకు మించియుండిరి. కొన్ని సమయములలో సైనికులకంటె వీరి సంఖ్యయే ఎక్కువ. పైన ఒక పెద్ద కాంట్రాక్టరు, వాని క్రింద మరియొకడు, వాని క్రింద ఇంకొకడు, అందరి అడుగున మన వంటి ఊరి ఏజెంటు. మెట్టు మెట్టునకు కూలి తగ్గుచు వచ్చును, బాధ్యతయు తగ్గుచు వచ్చును.

ఒకనాడు అతడు చెప్పిన మాటను మేము మరువలేము. "సారూ, నాలుగు సంచులు నెల దాటినా ఎవ్వలు తీస్కపోలే. నేను మడతబెట్టినవే. పేర్లు తెల్వయి, నంబర్లే. అప్పుడు నాకు సమజైంది నేను ఏడ పని చేస్తున్ననో." కొంతసేపు ఊరకుండి మరల అనెను: "కొన్ని బట్టలకు చెక్కలు చెక్కలుగ మట్టి ఉంటుండె. అది ఎవల పొలం మట్టో, ఆడ ఏమైందో. నేను ఉతికి పారబోసిన."

2012 చివర అతడు ఇంటికి వచ్చెను. ఒక చెల్లెలి పెండ్లి అయ్యెను. తరువాతి ఆదివారమున అతడు 10,000 రూపాయలు కవరులో పెట్టి, మందిరమునకు మైకు సెట్టు కొనుడని తెచ్చి ఇచ్చెను. పెద్దల కూటములో దానిమీద చర్చ పుట్టెను.

ఒక సహోదరుడు, ఇది యుద్ధపు సొమ్ము, మందిరమునకు తగదు అనెను. యూదా తిరిగి ఇచ్చిన వెండిని ప్రధానయాజకులు కానుక పెట్టెలో వేయక కుమ్మరివాని పొలము కొన్న సంగతిని ఎత్తి చూపెను. మరియొక సహోదరుడు, పని పనియే, బట్టలుతుకుట పాపమైనచో సైనికునికి వైద్యము చేయుటయు పాపమే అనెను. బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు సైనికులు వచ్చి తామేమి చేయవలెనని అడిగినప్పుడు, కొలువు మానుడని ఆయన చెప్పలేదు, ఎవరిని పీడింపక తమ జీతముతో తృప్తిపడుడనియే చెప్పెను గదా అని లూకా 3వ అధ్యాయము తెరచెను.

అప్పుడు స్త్రీల సమాజపు లెక్కలు చూపుటకు వచ్చి తలుపునొద్ద కూర్చున్న ఒక వృద్ధురాలు, నలువదేండ్లు బీడీలు చుట్టిన విధవరాలు, ఇట్లనెను: "మా బీడీల పైసలు మీరు ఎన్నడన్న అడిగిన్రా అయ్యా? ఆ పొగ ఎవల ఛాతిలకు పోతదో నేను ఎరుగనా? నా చందా డబ్బాల వేసినప్పుడు ఒక్కలన్న వద్దన్నరా?"

కూటములో ఎవరును నోరెత్తలేదు. సోలాపూర్‌లో మన తెలుగువారి ఇండ్లు సాంచామీద సగము, తునికాకుమీద సగము నిలిచినవని ఎవరికి తెలియదు? మొదటి సహోదరుడు చెప్పిన యాజకుల సంగతియు అప్పుడే మా మనస్సునకు వేరొక విధముగా తట్టెను. ఆ వెండిని ఇచ్చినప్పుడు వారికి సందేహము పుట్టలేదు. తిరిగి వచ్చినప్పుడే అది పెట్టెలో వేయదగినదా అను సందేహము పుట్టెను. మేమును పిల్లవానిని పంపునప్పుడు ప్రార్థన చేసి పంపితిమి, అతడు కూలి తెచ్చినప్పుడు పవిత్రత చూచుచుంటిమి.

అయితే బీడీ సొమ్మును అడుగలేదు గనుక దేనిని అడుగనక్కరలేదనుటయు సరి కాదు. పరుల దండులో బట్టలుతుకు చేతికి ఆ దండు చేయు కార్యములో పాలు కలదా లేదా? విద్యార్థికి లెక్క చెప్పినట్లు దీనిని విడదీసి చూతము.

మొదటిది, చేతికిని కార్యమునకును గల దూరము. తుపాకి పేల్చినవాడును, తువ్వాలు ఉతికినవాడును ఒకటి కారు. అయినను వండువాడు, ఉతుకువాడు, నీళ్ళు మోయువాడు లేక ఏ సైన్యమును కదలలేదు. మొదటి ప్రపంచ యుద్ధములో మన దేశమునుండి చేర్చుకొనబడిన 14 లక్షల పైచిలుకు మందిలో ఐదున్నర లక్షలకు పైగా ఆయుధము పట్టనివారే. బస్రా మొదలగు చోట్లకు వంటవారుగా, నీళ్ళు మోయువారుగా, కంచరగాడిదలు తోలువారుగా పోయిరి. ఆ బస్రా ఉన్న ఇరాక్‌నకే తొంబదేండ్లు గడువక ముందే మరల మన దేశపు వంటవారు, డ్రైవర్లు పోయిరి. కనుక పాలు చిన్నదే గాని శూన్యము కాదు.

రెండవది, స్వేచ్ఛ. లక్షన్నర అప్పు తలమీదనుండగా, పాస్‌పోర్టు పరుల బీరువాలో నుండగా, నేను ఈ పని చేయను అని చెప్పు స్వేచ్ఛ ఎంత? రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయములో నయమాను, నా యజమానుడు నా చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో వంగునప్పుడు నేనును వంగవలసి వచ్చును, దానిని క్షమింపవలెనని అడుగును. ఎలీషా అది మంచిదని చెప్పలేదు, పాపమని గద్దింపలేదు, నెమ్మదితో పంపెను. ఒకరి చేతి క్రింద ఉన్నవాని భారము ఎంతయో ఆ ప్రవక్త ఎరిగినవాడు. కాని నయమాను ఆ సంగతిని దాచలేదు, తానే నోరు తెరచి చెప్పెను. అది గమనింపదగినది.

మూడవది, తెలివి. తెలియక చేసినది వేరు, తెలిసికొనకుండుటకై చూపు త్రిప్పుకొనుట వేరు. ఈ మూడవ లెక్కలో మా పిల్లవానికంటె మేమే ఎక్కువ బాకీపడితిమి. అతడు కాగితము చదువలేడు, మేము చదివితిమి. అతడు అప్పులోనుండెను, మేము కుర్చీలోనుండితిమి. బగ్రాం మట్టి అంటిన బట్టలను అతడు ఉతికెను. మేము ఆ కూలిలోనుండి కానుక రాగా, ఎక్కడిదని అడుగుటకు రెండేండ్లు పట్టెను.

ఈ ప్రశ్నను మరియొక ప్రక్కనుండి కూడ చూడవలెను. దండు పరదేశములోనున్నప్పుడు మనకు కూలియే కనబడును. దండు మన వీధిలోనికి వచ్చినచో? సోలాపూర్‌వారికి ఇది ఊహ కాదు. 1930 మే నెలలో ఈ పట్టణములో సైనిక శాసనము విధింపబడెను. ఆ కాలపు కేసులో మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సార్డా అను నలుగురు 1931 జనవరి 12న యెరవాడ చెరసాలలో ఉరి తీయబడిరి. నలుగురు హుతాత్ముల చౌకు మీదుగా మనము ఎన్ని మార్లు నడచియుండుము! ఆనాడు ఈ పట్టణములోనున్న సైనికులకు రొట్టె కాల్చినవారు, బట్టలుతికినవారు ఎవరో ఉండియే యుందురు. వారును పిల్లలు గలవారే, కూలికి పోయినవారే. వారిని ద్రోహులనుటకు మాకు నోరు రాదు. వారికి ఏ సంబంధమును లేదనుటకును నోరు రాదు. బగ్రాం చుట్టునున్న పల్లెలవారు మా పిల్లవానిని గూర్చి ఏమనుకొనిరో, బహుశః ఇదే అనుకొనియుందురు.

కాంట్రాక్టు అను మాట తెలుగు బాప్తిస్టులకు కొత్తది కాదు. 1876–78 నాటి గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీయైన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ళ పనిని ప్రభుత్వమునుండి కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న జనులకు కూలి కల్పించిరి. అయితే ఆ పని జరుగునంత కాలము బాప్తిస్మములను నిలిపివేసిరి. కూలి కొరకు వచ్చిన విశ్వాసమను మాట రాకూడదని వారి ఉద్దేశము. 1878 జూలై 3న ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనము పిల్లలకు చెప్పుదుము గాని, దానికి ముందు కూలికిని మనస్సాక్షికిని నడుమ వారు ఉంచిన ఆ ఎడమును చెప్పుట మరచితిమి. ఆ కాంట్రాక్టరునకు తన పనివారి ఆకలి తెలియును, ముఖములు తెలియును. ఇప్పటి మెట్ల కాంట్రాక్టులలో పై మెట్టువానికి అడుగు మెట్టువాని ముఖము తెలియదు. కనుక ఆ ముఖమును ఎరిగినవారము మనమే అడుగవలసిన ప్రశ్నలు కలవు.

ఇక కానుక సంగతి. ఆ 10,000 రూపాయలను మేము తిరిగి ఇయ్యలేదు, మైకు సెట్టు కొనలేదు. అతని అంగీకారముతో వేరొక పెట్టెలో వేసితిమి. పరదేశము పోవువారు నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు వ్రాయకుండ, వడ్డీ లేని చేబదులు ఇచ్చుటకు అది మొదలాయెను. ఈనాటికిని అది చిన్న పెట్టెయే. ఆ కూటము ముగిసిన రాత్రి మేము ఆ పిల్లవాని ఇంటికి పోయి, రెండవ పుట అడుగున మేము దాటిపోయిన వాక్యమును ఒప్పుకొంటిమి. అతడు కోపపడునని యెంచితిమి. అతడు నవ్వి, "మీరు చదివి చెప్పినా నేను పోయేటోన్నే సారూ. కని తెలిసి పోయేటోన్ని" అనెను.

ఈ మొత్తము విచారణలో మాకు దొరికిన జవాబు ఆ ఒక్క మాటయే. తెలిసి పోయినవాడు తన మనస్సాక్షితో తాను లెక్క చూచుకొనగలడు. తెలియక పంపబడినవాని లెక్క పంపినవారి మీద పడును.

కాబట్టి ఈ ఇద్దరు యువకులు వచ్చినప్పుడు మేము పోవచ్చుననలేదు, పోవద్దనలేదు. రెండు సాయంకాలములు కూర్చుండి, తల్లిదండ్రుల ఎదుట, ప్రతి వాక్యమును తెలుగులో చదివి చెప్పితిమి. తెలిసిన సంగతులన్నియు చెప్పితిమి. 2004 ఆగస్టులో ఇరాక్‌లోని అమెరికా స్థావరమున పనికి పోవుచుండగా పండ్రెండుగురు నేపాలు పనివారు చంపబడిరి. 2024లో రష్యా సైన్యమున సహాయకుల పనియని నమ్మి పోయిన హైదరాబాదు యువకుడొకడు యుద్ధములో మరణించెను, మన ప్రక్కనున్న నారాయణపేట యువకుడొకడు బ్రతికి తిరిగి వచ్చెను. 2025 జూన్ 23న ఖతార్‌లోని అల్ ఉదైద్ స్థావరముమీద ఇరాన్ క్షిపణులు వేసెను. ఎవరికిని ప్రాణహాని కలుగలేదు, అయినను వేసెను.

మేలైన సంగతులను కూడ దాచలేదు. 2012 సెప్టెంబరు 25న అధ్యక్షుడు ఒబామా చేసిన ఉత్తర్వు, అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టులలో పనివారియొద్ద ఉద్యోగమునకై రుసుము తీసికొనుటను, పాస్‌పోర్టు లాగుకొనుటను, పని స్థలమును గూర్చి మోసపుచ్చుటను నిషేధించెను. 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టము చొప్పున అట్టి పనిలో గాయపడినవానికి, చనిపోయినవాని కుటుంబమునకు, అతడు ఏ దేశస్థుడైనను, పరిహారము కలదు. మన 1983 నాటి వలసల చట్టము ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదు కావలెనని చెప్పుచున్నది. ఇవి తెలిసినవాడు అడుగగలడు.

ఒక తల్లి, "ఇంటికాడ ఉంటే భయమే లేదా సారూ?" అని అడిగెను. ఆమె మాటయు నిజమే. 2025 మే 18న మన అక్కల్‌కోట్ రోడ్డు పారిశ్రామిక ప్రాంతములో తువ్వాళ్ళ కర్మాగారము కాలి ఎనిమిది మంది చనిపోయిరి. ఇంటనుండుట క్షేమము, పరదేశము ప్రమాదము అని సుళువుగా చెప్పుటకు మాకు అధికారము లేదు.

ఇద్దరిలో పెద్దవాడు పోవుటకు నిశ్చయించుకొనెను. అప్పు లేకుండ, పెట్టెలోని చేబదులుతో, పాస్‌పోర్టు తనయొద్దనే యుంచుకొందునని చెప్పి పోవుచున్నాడు. చిన్నవాడు తనకు మనస్సు ఒప్పలేదనెను. అతని తల్లి కొన్ని దినములు మాతో మాటలాడలేదు. వచ్చిన జీతమును పోగొట్టితిరని ఆమె బాధ. ఆ బాధకు మాయొద్ద జవాబు లేదు. ఇద్దరి కొరకును ఒక్క ప్రార్థనయే చేసితిమి. పోవువాడు తక్కువవాడు కాడు, ఉన్నవాడు గొప్పవాడు కాడు.

బగ్రాం పోయిన పిల్లవాడు ఇప్పుడు ఇక్కడనే టెర్రీ తువ్వాళ్ళ పనిలోనున్నాడు. 2021 జూలైలో అమెరికా సైన్యము ఆ స్థావరమును విడిచి రాత్రివేళ వెళ్ళిపోయెనని వార్త వచ్చినప్పుడు, "నా మిషన్లు ఎవలు తిప్పుతరో" అని మాత్రము అనెను. ఇరువది నాలుగు నెలల బ్రతుకులో అతనిదని చెప్పుకొనుటకు అదియే మిగిలెను.

సహోదరులారా, మీ సంఘములలోను గల్ఫునకు, ఇతర దేశములకు పోయిన బిడ్డలుందురు. వారి కానుకలు రసీదు పుస్తకములో వ్రాయబడుచుండును. రసీదు వ్రాయునప్పుడు ఆ కూలి ఏ చోట, ఏ స్థితిలో సంపాదింపబడినదో ఒక మాట అడుగుడి. అడుగుట వారిని అనుమానించుటకు కాదు, ఆ భారములో మన పాలు మనము మోయుటకు. మరియు మీ చేతికి ఇంగ్లీషు కాగితమేదైన వచ్చినచో, రెండవ పుట అడుగు వరకు చదువుడి. చదివినది బిగ్గరగా చెప్పుడి.

ప్రభువునందు మీ సహోదరుడు,
ఒక సంఘపెద్ద, కొంతం చౌక్, సోలాపూర్